కూర్చున్నారా, నిలబడ్డారా?

లిఫ్టులు బాగుచేసే కంపెనీ ఆఫీసు లిఫ్టు లేని బిల్డింగులో, అదీ రెండో అంతస్తులో ఉండటం మీద ఆ వీధిలో జోకు వెయ్యని మనిషి లేడు. ఎదురుగా ఉన్న మందుల షాపాయన అయితే కొత్త బేరం రాగానే ముందు ఈ సంగతి చెప్పి నవ్వించి, ఆ తర్వాతే మందు చీటీ అందుకునేవాడు. వినీ వినీ ఆ కంపెనీ నడిపే కుటుంబానికి చెవులు తుప్పు పట్టిపోయాయి. కానీ అత్తగారి మోకాలికి ఆపరేషను చేసిన డాక్టరు, "ఇక మెట్ల సంగతి మర్చిపోండమ్మా" అన్న రోజున మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

ఆ రెండో అంతస్తులో కిటికీ పక్కన ఒక చెక్క కుర్చీ ఉంది. చేతులు అరిగి నున్నగా తేలాయి, మెత్త ఒక పక్కకి కుంగిపోయింది. మామగారు పోయిన దగ్గర్నుంచీ అత్తగారు కూర్చుంటున్నది అందులోనే. కంపెనీ చూసుకునే లిఫ్టుల్లో ఏది ఆగిపోయినా, లోపలివాళ్ళు అలారం బటను నొక్కితే ఆ కుర్చీ పక్కనున్న ఫోనే మోగుతుంది. ఎత్తగానే ఆవిడ ఏ బిల్డింగని అడగదు, ఏమైందనీ అడగదు. "ముందు చెప్పండి, కూర్చున్నారా, నిలబడ్డారా?" అంటుంది. నిలబడ్డామంటే బతిమాలో బెదిరించో కూర్చోబెడుతుంది. కింద కూర్చున్న మనిషికి సగం భయం అక్కడికక్కడే పోతుందని ఆవిడ నమ్మకం. మిగతా వివరాలన్నీ ఆ తర్వాతే.

ఇంకొకటి. మెకానిక్కు వెళ్ళి తలుపు తెరిచి, ఆ తలుపు చప్పుడు తన చెవిన పడేదాకా ఆవిడ ఫోను పెట్టదు. మాటలు అయిపోతే రిసీవరు బల్లమీద పడుకోబెట్టి తన పని తను చేసుకుంటుంది. కాఫీ చప్పరిస్తుంది, మెకానిక్కుల్ని చీవాట్లు పెడుతుంది, కిటికీలోంచి వీధిలో ఎవరినో పలకరిస్తుంది. లోపల ఇరుక్కున్నవాళ్ళు అవన్నీ వింటూ కూర్చుంటారు. ఎంతసేపైనా సరే, లైను తెగకూడదు. ఇన్నేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి తెగలేదని ఆవిడ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకునేది.

ఆవిడ ఆసుపత్రిలో ఉన్న వారంలోనే వచ్చిన కాల్స్‌ని ఫోన్లకి పంచే పాత ఎక్స్ఛేంజి పెట్టె కూడా ఆఫీసులో ఇంత పొగ వదిలి కన్ను మూసింది. పెద్దకొడుకు తాత్కాలికంగా లైన్లన్నీ తన సెల్‌ఫోనుకి మళ్ళించుకున్నాడు. ఆయన ఇంటికి పెద్ద, కంపెనీకి మేనేజరు. నవ్వితే పరువు పోతుందేమోనని జాగ్రత్తపడే రకం. చిన్నకోడలు ఆయన్ని బావగారూ అంటుంది, అత్తగారు ఆయన వినకుండా "మా మేనేజరు" అంటుంది.

గురువారం భోజనాల దగ్గర ఆయన గొంతు సవరించుకున్నాడు. "కాల్ సెంటర్ వాళ్ళతో మాట్లాడాను. ఇకనుంచి ఫోన్లన్నీ వాళ్ళే తీస్తారు. సోమవారం సంతకాలు."

అత్తగారి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "మరి నేను?"

"నువ్వు హాయిగా విశ్రాంతి తీసుకో. ఎన్నాళ్ళని చేస్తావు?"

"విశ్రాంతి తీసుకోవడానికి నాకేం మాయరోగం వచ్చిందిరా? చెడింది మోకాలు. నేను ఫోను మోకాలితో ఎత్తుతున్నానా?"

చిన్నకొడుకు ఫక్కున నవ్వి, అన్నగారి మొహం చూసి ఆ నవ్వుని మంచినీళ్ళతో మింగేశాడు. బావగారు మాత్రం ససేమిరా అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. వాదనకి ఆయన లొంగేలా లేడని చిన్నకోడలికి అర్థమైంది. అత్తగారు కంచం ముందు నుంచి లేచి, గోడ పట్టుకుని మెల్లగా గదిలోకి నడిచిపోతుంటే చూస్తూ ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు.

"బావగారూ, అత్తయ్య ఫోను దగ్గరికి వెళ్ళలేకపోతే ఫోనునే అత్తయ్య దగ్గరికి తీసుకొద్దాం. ఇంట్లోనే ఎక్స్ఛేంజి పెట్టేస్తాను."

"ఎక్స్ఛేంజా? ఇంట్లోనా?"

"పెట్టె అక్కర్లేదండీ. చిన్న కంప్యూటరుంటే చాలు. టెలిఫోను సర్వరు సాఫ్ట్‌వేరు ఎక్కిస్తే అదే పాత ఎక్స్ఛేంజి చేసే పనంతా చేస్తుంది."

పెళ్ళికి ముందు ఆమె ఒక పార్సిళ్ళ కంపెనీలో ఇలాంటి సర్వర్లు చూసుకునేది. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అందుకే ఒక మెట్టు దిగాడు. "సరే. ఆదివారం ఒక్కరోజు లైన్లు ఇంటికి మళ్ళిస్తాను. సాయంత్రందాకా సరిగ్గా నడిస్తే సంతకాలు మానేస్తాను. ఒక్క కాల్ తెగినా సోమవారం నా మాటే చెల్లుతుంది. లిఫ్టులో మనిషి ఇరుక్కున్నప్పుడు ప్రయోగాలు కుదరవమ్మా."

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అదే చిన్నకోడలికి మరీ ఒళ్ళుమండించింది.

మూల గదిలో దుమ్ము కొట్టుకుపోతున్న, అరచేతిలో పట్టేంత పాత కంప్యూటరొకటి ఉంది. చిన్నకొడుకు దాన్ని ఎప్పుడో ఉత్సాహంగా కొని, అంతకంటే ఉత్సాహంగా మర్చిపోయాడు. దాని శక్తి అంతంతమాత్రం కాబట్టి చిన్నకోడలు అందులో కంప్యూటరుని నడిపే సాఫ్ట్‌వేరుల్లో అన్నిటికంటే చిన్నదైన లినక్స్ ఎక్కించింది. బొమ్మలుండవు, కిటికీలుండవు, మౌసుకి పనే లేదు. నల్లటి తెర, మూలన మినుకుమినుకుమనే ఒక తెల్లగీత, అంతే.

అత్తగారు మంచం మీద నుంచి మెడ చాచి చూసింది. "ఏమ్మాయ్, పాడైందా?"

"లేదత్తయ్యా, పనిచేస్తోంది."

"మరి అందులో ఏమీ లేదే?"

"ఏమీ ఉండదు. అదే దీని గొప్ప. మనకి కావలసినవి మాత్రమే ఒక్కొక్కటీ తెచ్చి పెట్టుకోవాలి. అక్కర్లేని సామాను లేకపోతే చెడిపోయేవీ ఉండవు."

"అంటే కొత్తిల్లిచ్చి గ్లాసు కూడా ఇవ్వలేదన్నమాట" అంది అత్తగారు. ఆవిడకి ఆ సంగతి తెగ నచ్చింది. అప్పట్నుంచీ చిన్నకోడలు కీబోర్డు మీద చెయ్యి వేసినప్పుడల్లా, "ఇప్పుడేం తెస్తున్నావు, పొయ్యా, గిన్నెలా?" అని అడగడం మొదలుపెట్టింది.

అవన్నీ తేవడానికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆ లినక్స్‌కి గాల్లో ఇంటర్నెట్టు పట్టుకోవడం రాదు. అది నేర్పే ప్రోగ్రాము తెచ్చుకోవాలంటే ముందు ఇంటర్నెట్టు కావాలి. చివరికి హాల్లోంచి గదిదాకా పొడవాటి కేబులు లాగింది. దాన్ని తట్టుకుని ఇంటిల్లిపాదీ వరసగా తూలిపోయారు, అత్తగారు తప్ప. ఆవిడ చేతికర్రతో కేబులు పైకెత్తి, దాని కిందనుంచి దర్జాగా వెళ్ళేది.

తర్వాత టెలిఫోను సాఫ్ట్‌వేరు దించింది. అది రాగానే ఫలానా లైబ్రరీ, అంటే ఫలానా తోడు ప్రోగ్రాము, లేందే నేను కదలను అంది. ఆ లైబ్రరీ తెస్తే అది ఇంకో రెండింటి పేర్లు చెప్పింది. పెళ్ళికి పిలవడానికి వెళితే, మా వియ్యంకుడిని పిలిచారా, ఆయన తోడల్లుడిని పిలిచారా అని అడిగే చుట్టాల లాగే ఉంది ఆ వరస. అందర్నీ బతిమాలి పోగేసేసరికి శుక్రవారం మధ్యాహ్నం దాటింది. ఆ సాఫ్ట్‌వేరుని ఈ కంప్యూటరుకి సరిపడేలా మలిచే పని మొదలుపెడితే, కంప్యూటరు ముక్కుతూ మూలుగుతూ సగందాకా వచ్చి, మెమరీ చాలక చతికిలబడింది. చిన్నకోడలు డిస్కులో కాస్త చోటు మెమరీ కింద కేటాయించి, మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టింది. శనివారం మధ్యాహ్నానికి నల్లతెర మీద తప్పు అన్న మాట లేకుండా చివరి లైను కనబడింది. చిన్నకోడలు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది. ఎందుకో తెలియకపోయినా అత్తగారు కూడా కొట్టింది.

సెట్టింగులు రాయడం ఆమెకి కొట్టిన పిండి. ఏ నంబరు మోగితే ఏ ఫోనుకి పంపాలి, ఎవరూ ఎత్తకపోతే ఎవరికి వెళ్ళాలి, అన్నీ చకచకా రాసింది. పార్సిళ్ళ కంపెనీలో చేతికి అలవాటైన పద్ధతే. అక్కడ మనిషి మాట్లాడని లైను అంటే దండగ లైను. కాబట్టి అరనిమిషం చప్పుడు రాని కాల్‌ని కట్ చెయ్యమని రాసే లైను కూడా, ఆలోచించకుండానే ఆమె వేళ్ళు రాసుకుపోయాయి. పప్పులో కాలేసింది అక్కడే, కానీ అప్పుడా సంగతి ఎవరికి తెలుసు!

మొదట వంటింట్లోంచి గదిలోకి ఫోను చేసి చూశారు. మోగింది. కానీ అత్తగారి మాట ఇటు వినిపిస్తోంది, ఇటు మాట అత్తగారికి వినిపించడం లేదు.

"నాకు ఇలాగే బాగుంది, ఉంచేయమ్మాయ్" అంది అత్తగారు.

కంప్యూటరులోని కాపలా ప్రోగ్రాము మాటలు వెళ్ళే దారి మూసేసిందని చిన్నకోడలు కనిపెట్టి, ఆ దారి తెరిచింది. ఈసారి ఇద్దరి మాటా ఇద్దరికీ గంట కొట్టినట్టు వినపడింది. అత్తగారు కొత్త ఫోనుని అటూ ఇటూ తిప్పి చూసి, ఒక బటను మీద వేలు పెట్టింది. "ఇదేమిటి?"

"అది నొక్కితే ఎర్ర దీపం వెలుగుతుంది. మన మాటలు అవతలికి వినపడవు. మళ్ళీ నొక్కితే దీపం ఆరిపోతుంది, వినపడతాయి."

ఆవిడ కళ్ళు మెరిశాయి. పాత ఫోనుకి అలాంటిది లేదు. మెకానిక్కుల్ని మరీ ఘాటుగా తిట్టాలంటే రిసీవరుని గుండెలకి అదుముకుని తిట్టాల్సి వచ్చేది. ఆ సాయంత్రమంతా బటను నొక్కి చిన్నకొడుకుని తిట్టడం, మళ్ళీ నొక్కి నవ్వడం, ఇదే పని.

ఆదివారం పొద్దున లైన్లు ఇంటికి మళ్ళాయి. బావగారు పనుందని చెప్పి బయటికి వెళ్ళాడు. అత్తగారు తల దువ్వుకుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, ఆఫీసుకి వెళ్ళినట్టే తయారై మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఫోను ముందు కూర్చుంది. చిన్నకోడలు కంప్యూటరు ముందు చేరింది. ఒక్క కాలూ రాలేదు. ఇన్ని లిఫ్టుల్లో ఒక్కటీ ఆగదేమిటని ఇద్దరూ లోలోపల విసుక్కుని, అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డారు.

వంటింట్లో చిన్నకొడుకు కుక్కరు పెడుతున్నాడు, అప్పుడు మోగింది.

"లిఫ్టు సర్వీసండీ. ముందు చెప్పండి, కూర్చున్నారా, నిలబడ్డారా?"

స్పీకర్లోంచి బొంగురు గొంతు వచ్చింది. "నిలబడ్డానండీ. లిఫ్టు ఆగిపోయింది."

అత్తగారు కనుబొమలెగరేసింది. ఎర్రదీపం బటను నొక్కి, "మా మేనేజరే! గొంతు మార్చాడు. పరీక్ష పెడుతున్నాడమ్మాయ్ మనకి" అని కిసుక్కున నవ్వింది. మళ్ళీ బటను నొక్కి, గొంతులో తేనె పోసుకుంది. "కూర్చోండి బాబూ. కూర్చున్నారా? మంచిది. కంగారు పడకండి. మీకు అమ్మ ఉందా?"

"...ఉందండీ."

"ఆవిడతో చివరిసారి ఎప్పుడు మాట్లాడారు?"

"పొద్దున్నేనండీ."

"ఏం మాట్లాడారు?"

బొంగురు గొంతుకి వెలక్కాయ అడ్డం పడింది. "ఉప్మాలో... అదే, టిఫినులో ఉప్పు తక్కువైందన్నానండీ."

"పాపం ఆవిడ! ఇంకేమీ మాట్లాడలేదా?"

చిన్నకోడలు నోట్లో చున్నీ కుక్కుకుని పొట్ట పట్టుకుంది. ఆపాటికి వంటింట్లో కుక్కరు మొదటి కూత వేసింది. కస్టమరు చెవిలో కుక్కరు కూతేమిటని అత్తగారు చటుక్కున బటను నొక్కి, వంటింటి వైపు తిరిగింది. "ఒరేయ్, మంట తగ్గించరా! నీళ్ళు సరిగ్గా పోశావా? మూత సరిగ్గా పెట్టావా? ఒక్కరోజు వంట చెయ్యమంటే ఇల్లు పీకి పందిరేస్తున్నావు!" కొడుకు అక్కడినుంచే ఏదో సంజాయిషీ చెప్పాడు, ఆవిడ దానికి జవాబు చెప్పింది, వాడు దానికీ ఏదో అన్నాడు. ఆవిడ ఇటు తిరిగేసరికి ఫోనులో తెగిపోయిన లైను కూత వినిపిస్తోంది.

అత్తగారి మొహంలో రంగు పోయింది. "నేను పెట్టలేదమ్మాయ్! ఒట్టు, నేను ముట్టుకోలేదు!"

ఒక్క కాల్ తెగినా అన్నాడు బావగారు. తెగింది ఆయన కాలే. ఇక సాయంత్రందాకా ఆగడమెందుకు! రెండురోజుల కష్టం, అత్తగారి కుర్చీ, అన్నీ ఒక్క దెబ్బతో పోయాయి. చిన్నకోడలు ఏడుపొస్తున్నా, సర్వరు ఏం చెబుతుందో చూద్దామని తెర మీది లైన్లు వెనక్కి జరిపింది.

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి బొంగురు లేదు.

"అమ్మా, నేనే. నిజంగానే ఇరుక్కుపోయాను."

"నువ్వని తెలుసులే. ఇంక చాల్లే పరీక్షలు."

"పరీక్ష కాదమ్మా! స్టాప్ బటను నొక్కి ఆపాను. తీద్దామని లాగితే ఊడి చేతిలోకొచ్చింది. లైటు కూడా పోయింది."

ఆయన ఇరుక్కున్న బిల్డింగు లిఫ్టులో స్టాప్ బటను వదులైందని స్పానర్ బాబాయి నెల రోజులుగా మొత్తుకుంటున్నాడు. స్పానర్ బాబాయంటే మామగారి తమ్ముడు, కంపెనీలో పెద్ద మెకానిక్కు, స్పానరు లేకుండా పడుకోవడం కూడా రాని మనిషి. వచ్చే నెల చూద్దాం లెమ్మని దాటేసింది ఈ మేనేజరుగారే. అత్తగారికి ఆ సంగతి తెలుసు, కానీ ఎత్తలేదు. ఒక్క క్షణంలో ఆవిడ మళ్ళీ ఆ కిటికీ పక్క మనిషైపోయింది.

"కూర్చున్నావా, నిలబడ్డావా?"

"నిలబడ్డాను."

"కూర్చో. గోడకి ఆనుకుని కూర్చో." వెంటనే పక్కనున్న సెల్‌ఫోనులో మరిదిని పట్టుకుంది. "ఏమయ్యా, ఎక్కడున్నావు? పెద్దాడు లిఫ్టులో ఉన్నాడు. అవును, ఆ బటనే. నవ్వింది చాలు, బయల్దేరు!"

"వస్తున్నా వదినా, కాస్త దూరంలో ఉన్నా. ఈ లోపల వాణ్ణి లోపలే ఉండమను" అన్నాడు స్పానర్ బాబాయి, నవ్వాపుకోలేక.

సరిగ్గా అప్పుడే చిన్నకోడలికి తెర మీద కావలసిన లైను దొరికింది. అరనిమిషం చప్పుడు రాలేదు కాబట్టి కాల్ కట్ చేశాను, అని సర్వరు బుద్ధిగా రాసుకుంది. తప్పు దానిది కాదు. ఆ బటను నొక్కితే ఈ ఫోను పూర్తిగా నోరు మూసుకుంటుంది, చప్పుడనేదే పంపదు. సర్వరేమో అవతల మనిషి లేడనుకుంటుంది. అలా అనుకోమని చెప్పింది తనే. మనిషి మాట్లాడకపోయినా లైను నిలబడాల్సిన ఇంట్లో, మాట్లాడకపోతే మెడపట్టి గెంటే పద్ధతి పెట్టింది. తన తల తనే మొట్టుకుని, ఆ లైను చెరిపేసింది. కానీ కొత్త పద్ధతి ఇకమీదట వచ్చే కాల్స్‌కి గానీ, ఇప్పటికే నడుస్తున్న కాల్‌కి వర్తించదు.

ఆమె తలెత్తి చూసేసరికి ఫోను మీద ఎర్రదీపం వెలుగుతోంది.

అత్తగారు ఇటు తిరిగి కూర్చుంది. ఫోను ఆవిడ వీపు వెనక ఉంది. కళ్ళు తుడుచుకుంటోంది. "చీకట్లో ఉన్నాడమ్మాయ్. చిన్నప్పుడు లైటార్పితే నా కొంగు వదిలేవాడు కాదు. ఇప్పుడు మీసాలొచ్చాయని చెప్పుకోలేడు."

చిన్నకోడలు చెయ్యి చాచింది. దీపం ఆర్పకపోతే లైను తెగుతుంది, చీకట్లో ఉన్న మనిషి ఒంటరైపోతాడు. ఆర్పితే ఈ మాటలన్నీ ఆయన వింటాడు. అత్తయ్యా, వినపడుతోంది అని చెప్పేస్తే ఆవిడ నోరు నొక్కేసుకుంటుంది. ఆలోచించే వ్యవధి లేదు. బటను నొక్కేసింది. దీపం ఆరింది. చెప్పడానికి నోరు తెరిచి, ఎందుకో మళ్ళీ మూసుకుంది.

"వాడిమీద నాకు కోపం లేదు" అంటోంది అత్తగారు. "నేను మెట్ల మీద జారిపడ్డ రోజున నన్ను రెండంతస్తులు మోసుకుని దిగింది వాడే. అప్పట్నుంచీ వాడికి ఆ కుర్చీ చూస్తేనే భయం. నన్ను ఎలాగైనా దానికి దూరంగా పెట్టాలని వాడి తాపత్రయం, నాకు తెలీదా? కానీ నా గతేమిటి చెప్పు. మీ మామయ్య పోయాక ఆ ఫోను మోగబట్టి నేను పొద్దున లేచాను. ఎవరో ఒకరు ఎక్కడో చీకట్లో కూర్చుని నాతో మాట్లాడబట్టి నా చీకటి నాకు గుర్తు రాలేదు. ఇప్పుడు అది కూడా మోగకపోతే, ఈ ఇంట్లో నేను ఏ మూలనుంటే ఏం, లేకపోతే ఏం?"

కుక్కరు ఇంకో కూత వేసింది. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

"అమ్మా" అంది ఫోను.

అత్తగారు ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. దీపం లేదు. ఆవిడ కోడలి మొహం చూసింది, కోడలు నేల చూపులు చూసింది.

"అమ్మా, ఉన్నావా?"

"ఉన్నానురా."

"మాట్లాడకపోయినా పర్లేదు. ఫోను మాత్రం పెట్టకు."

"ఎప్పుడైనా పెట్టానా?" అంది ఆవిడ. "కూర్చున్నావా?"

"కూర్చున్నాను."

తర్వాత వాళ్ళు పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. అత్తగారు రిసీవరు పక్కన పెట్టుకుని బీన్సు గిల్లింది. చిన్నకొడుకు మాడిన కుక్కరు పట్టుకొచ్చి చూపించి తిట్లు తిన్నాడు. కిటికీ కింద ఎవరో స్కూటరు స్టార్టు కాక తంటాలు పడుతుంటే, అందరూ ఎవరా అని చూశారు. ఇవన్నీ ఆ చీకటి పెట్టెలో కూర్చున్న మేనేజరుకి వినపడుతూనే ఉన్నాయి. మధ్యలో ఒకసారి, "చోక్ లాగమను" అన్నాడు ఆయన. చిన్నకొడుకు కిటికీలోంచి అరిచి చెబితే స్కూటరు స్టార్టయింది కూడా.

చివరికి ఫోనులో ఇనుము మీద ఇనుము గీసుకున్న చప్పుడు, తలుపు జరిగిన చప్పుడు, ఆ వెంటే స్పానర్ బాబాయి గొంతు వినిపించాయి. "ఏరా మేనేజరూ, వచ్చే నెల అన్నావుగా, అప్పుడే వచ్చేసిందా?"

అత్తగారు అంతా విని, అప్పుడు ఫోను పెట్టింది.

బావగారు ఇంటికొచ్చి, ఎవరి మొహమూ చూడకుండా మాడిన అన్నం పెట్టించుకుని తిన్నాడు. ఉప్పు గురించి మాట్లాడలేదు. చిన్నకోడలు కాల్ ఎందుకు తెగిందో దాచకుండా చెప్పి, తప్పు తనదేనంది. ఆయన తలూపాడు, అంతే. ఆ తలూపడానికి అర్థమేమిటో ఎవరికీ అంతుబట్టలేదు. ఒక కాల్ తెగిన మాట నిజం, పందెం పందెమే. సోమవారం పొద్దున ఆయన లేచి, సంతకాల సంగతి ఎత్తకుండానే ఆఫీసుకి వెళ్ళిపోయాడు. అత్తగారు తల దువ్వుకోలేదు. ఫోను వైపు చూడకుండా, గోడ వైపు తిరిగి పడుకుంది.

ఎండెక్కుతుండగా వీధిలో గోల వినపడింది. ఆఫీసు దగ్గర్నుంచి వెంటపడి వచ్చిన మందుల షాపాయన గొంతు అన్నిటికంటే పైన ఉంది. "మోయండి మోయండి! లిఫ్టు పెట్టించుకుంటే ఈ పాట్లుండేవా!"

చిన్నకోడలు తలుపు తీసి ముక్కున వేలేసుకుంది. బావగారు. చొక్కా చెమటతో తడిసిపోయింది, జుట్టుకి బూజు పట్టుకుంది. నెత్తి మీద, కాళ్ళు పైకి పెట్టి, చేతులు అరిగిన ఆ చెక్క కుర్చీ. రెండంతస్తులు దింపి, అక్కణ్ణుంచి ఇంటిదాకా నడిచొచ్చాడు. స్పానర్ బాబాయి సాయం పట్టకుండా పక్కన ఉత్త చేతులతో నడుస్తూ సలహాలిస్తున్నాడు. బావగారి జేబుకి మాత్రం ఊడిపోయిన స్టాప్ బటను బొడిపె వేలాడుతోంది, దాన్ని బాబాయే తాడు కట్టి తగిలించాడట.

బావగారు నేరుగా గదిలోకెళ్ళి, ప్లాస్టిక్ కుర్చీని పక్కకి నెట్టి, చెక్క కుర్చీని ఫోను ముందు దించాడు. కుంగిన మెత్తని అరచేత్తో దులిపాడు.

"మెత్త మార్పించాలి" అన్నాడు. "కాల్ సెంటర్ వాళ్ళని రావద్దన్నాను. లైన్లు ఇక్కడికే ఉంచేశాను. కూర్చో."

అత్తగారు లేచి కూర్చుంది, మంచం మీదే. కొడుకు వంక చూసింది. ఇన్నేళ్ళలో ఎంతమందిని కూర్చోమందో, ఆవిడని కూర్చోమన్నవాళ్ళు మాత్రం లేరు. కర్ర కోసం వెతుక్కోబోతే కొడుకు చెయ్యిచ్చాడు. నాలుగడుగులు నడిపించి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆవిడ రెండు చేతులూ ఆ అరిగిన చోట్లలోకి వాటంతటవే వెళ్ళిపోయాయి.

ఫోను మోగడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఏదో ఆసుపత్రి బిల్డింగు. లోపలున్నావిడ గొంతు వణుకుతోంది. అత్తగారు ఆవిడని కూర్చోబెట్టింది, స్పానర్ బాబాయిని తరిమింది, ఆ తర్వాత వంటింట్లో ఏదో గిన్నె దబ్బున పడ్డ చప్పుడు విని, అలవాటుగా ఎర్రదీపం బటను మీదికి వేలు పోనిచ్చింది.

గుమ్మంలో నిలబడ్డ బావగారు గబుక్కున వచ్చి ఆ వేలు పట్టుకున్నాడు.

"వద్దమ్మా" అన్నాడు మెల్లగా. "మన ఇంటి చప్పుళ్ళు ఆవిడనీ విననీ."